రాజీనామా అని రాయించుకుంటున్న ఉద్యోగాలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో, 2026 జనవరిలో, 1995 పదో తరగతి బ్యాచ్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు ఇరవై రెండేండ్లు కాల్ సెంటర్ల పని చేసినవు గదా, ఐటీల అవకాశాల మీద పావుగంట మాట్లాడు" అన్నారు. అవకాశాల మీద మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను పోతున్న ఉద్యోగాల మీద మాట్లాడతాను అన్నాను. ఆయన కాసేపు ఆగి, "పండుగ పూట అది బాగుంటదా?" అన్నారు. బాగుండదు, నిజమే. కానీ గత ఆరు నెలల్లో మన బడి పిల్లల తల్లిదండ్రులే నలుగురు నాకు ఫోన్ చేశారు. అందరిదీ ఒకటే మాట: "మా పిలగాన్ని రాజీనామా చెయ్యమన్నరట, చేసిండు. ఇప్పుడేం చెయ్యాలె?" నలుగురూ సంతకం అయిపోయిన తర్వాతే అడిగారు. సంతకానికి ముందు అడిగి ఉంటే బాగుండేది. ఈ హాల్లో ఇంకా సంతకం పెట్టని పిల్లల అమ్మానాన్నలు ఉన్నారు కాబట్టి, పండుగ పూటైనా ఈ మాట చెప్పక తప్పదు.

ముందు ఈ పని మన దగ్గరికి ఎట్లా వచ్చిందో చెప్తాను. ఎట్లా వచ్చిందో తెలిస్తే ఎట్లా పోతుందో సగం అర్థమవుతుంది.

1997లో జీఈ క్యాపిటల్ అనే అమెరికా సంస్థ తన ఆఫీసు లెక్కలు, ఫోన్ పనులు చేసిపెట్టడానికి ఇండియాలో ఒక కంపెనీ పెట్టింది. అదే 2005లో జెన్‌ప్యాక్ట్ అని పేరు మార్చుకుంది. మన జనగామ బస్సు దాటిపోయే ఉప్పల్‌లోనే వాళ్ళ క్యాంపస్ ఉంది. 1998 నవంబర్‌లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను వాజ్‌పేయి గారు ప్రారంభించారు. 2002 ఏప్రిల్ 1తో విదేశాలకు ఫోన్ లైన్ల మీద విదేశ్ సంచార్ నిగమ్ గుత్తాధిపత్యం పోయింది, రేట్లు దిగాయి. అమెరికాలో ఒకాయన క్రెడిట్ కార్డు బిల్లు గురించి ఫోన్ చేస్తే బేగంపేటలో కూర్చున్న అమ్మాయి ఎత్తడం అప్పటినుంచి మామూలు సంగతి అయింది.

ఆ అమ్మాయి ఎవరు? ఇంజనీరు కాదు. బీకాం, బీఏ, బీఎస్సీ. మనలాంటి జిల్లా పరిషత్ బడిలో చదివి, డిగ్రీ కాలేజీలో చదివి, ఇంగ్లీషు రాయడం వచ్చి మాట్లాడడం రాని పిల్ల. 2001లో నా మొదటి జీతం 8,500. మా నాయన ఆర్టీసీలో కండక్టరు. ఇరవై ఏండ్ల సర్వీసు తర్వాత ఆయన ఇంటికి తెస్తున్న జీతానికి అది దాదాపు సమానం. మా అమ్మకు మాత్రం సంతోషం కంటే భయమే ఎక్కువ. "ఆడపిల్లకు రాత్రిపూట ఏం నౌకరి బిడ్డా?" అని రోజూ అడిగేది. అమెరికా తూర్పు తీరంలో పొద్దున 9 అయితే మనకు చలికాలంలో రాత్రి 7:30, ఎండాకాలంలో వాళ్ళు గడియారం ముందుకు జరుపుతారు కాబట్టి 6:30. ఈ లెక్క అమ్మకు అర్థమయ్యేసరికి నాకు ప్రమోషన్ వచ్చింది.

ట్రైనింగ్‌లో గ్రామర్‌లో నేనే ఫస్ట్. మన ఇంగ్లీషు సార్ చలవ. ఉచ్చారణ దగ్గరికి వచ్చేసరికి కూలబడ్డాను. మన తెలుగువాళ్ళం 'ఎగ్' అనలేం, 'యెగ్' అంటాం. 'ఓన్లీ' అనలేం, 'వోన్లీ' అంటాం. నాలుగు వారాలు అద్దం ముందు పెదవులు తిప్పించి, యాస వదిలించి, శాండ్రా అని పేరు పెట్టి ఫోన్ల ముందు కూర్చోబెట్టారు. తర్వాత నేనే ట్రైనర్‌ని అయ్యాను. కరీంనగర్, ఖమ్మం, గుంటూరు, శ్రీకాకుళం పిల్లల నోట్లోంచి ఆ 'య', 'వ'లను పీకడమే ఏడేండ్లు నా ఉద్యోగం. సార్ ఇప్పుడు నవ్వుతున్నారు.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. కాల్ సెంటర్‌ను చాలామంది తక్కువగా చూశారు. "ఫోన్లు ఎత్తే పనికి డిగ్రీ ఎందుకు" అన్నారు. కానీ పైరవీ లేకుండా, డొనేషన్ లేకుండా, పరీక్షల కోచింగ్ లేకుండా బస్సెక్కి వెళ్ళి ఇంటర్వ్యూ ఇచ్చి వారంలో జీతం మొదలయ్యే మొదటి మెట్టు అది. ఆ మెట్టు మీద కాలుపెట్టి బ్యాంకులకు, ఎయిర్‌లైన్స్‌కు, టీచింగ్‌కు వెళ్ళినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. నా దిగులు ఆ మెట్టు గురించే.

ఇప్పుడు 'ప్రాసెస్' అనే మాట గురించి. మీ పిల్లలు ఈ మాట అంటుంటే వినే ఉంటారు. "నాది టెలికాం ప్రాసెస్", "నాది బ్యాంకింగ్ ప్రాసెస్". బయటి క్లయింటు ఒకరు ఒక రకం ఫోన్లను, ఇన్ని సీట్లకు, ఇంత రేటుకు అని కాంట్రాక్టు ఇస్తారు. అదే ప్రాసెస్. పిల్లవాడి ఐడీ కార్డు మీద కంపెనీ పేరుంటుంది, బతుకు మాత్రం ప్రాసెస్‌ది. ఊళ్ళో కాలువ కింద రైతు ఉన్నట్టు. పై నుంచి నీళ్ళు ఆగితే ఆయన ఎంత బాగా దున్నాడన్నది ప్రశ్న కాదు. క్లయింటు 200 సీట్లను 120 చేస్తే 80 మంది తేలతారు. వాళ్ళు బాగా పనిచేశారా, వాళ్ళ క్వాలిటీ స్కోరు ఎంత అన్నది తర్వాతి సంగతి. దీన్ని లోపల 'ర్యాంప్ డౌన్' అంటారు. బయటికి చెప్పేటప్పుడు రీస్ట్రక్చరింగ్, రైట్ సైజింగ్, ఆప్టిమైజేషన్. తెలుగులో దీనికి ఒకటే మాట ఉంది, తీసేయడం. అందుకే ఆ మీటింగులు తెలుగులో జరగవు.

ఈ నీళ్ళు ఆగడం కొత్తది కాదు. అసలు ఆ నీళ్ళు మొదట ఇంకొకరి కాలువలోవి. 2003లో బ్రిటన్‌లోని లాయిడ్స్ టీఎస్‌బీ బ్యాంకు న్యూకాజిల్‌లో ఉన్న కాల్ సెంటర్‌ను మూస్తామని, పని ఇండియాకు తరలిస్తామని ప్రకటించింది. అక్కడ దాదాపు వెయ్యిమంది ఉద్యోగాలు. మనకు ప్రమోషన్లు వచ్చిన రోజుల్లో అక్కడ ఎవరింట్లోనో మన నాన్నల వయసువాళ్ళు తలపట్టుకుని కూర్చున్నారు. అదే 2003 చివర్లో డెల్ కంపెనీ కార్పొరేట్ కస్టమర్ల సపోర్ట్‌ను కొంత బెంగళూరు నుంచి తిరిగి అమెరికాకు తీసుకుపోయింది. 2011లో శాంటాండర్ బ్యాంకు తన ఫోన్లను ఇండియా నుంచి బ్రిటన్‌కు మార్చుకుంది. బ్రిటిష్ టెలికాం 2020 నాటికి తన కస్టమర్ల ఫోన్లన్నీ బ్రిటన్, ఐర్లండ్‌లలోనే ఎత్తేట్టు చేసుకుంది. ఈలోపు అమెరికా వాయిస్ పని చాలావరకు ఫిలిప్పీన్స్‌కు జరిగింది. 2010 ప్రాంతంలోనే వాయిస్‌లో వాళ్ళు మనల్ని దాటారు. కాబట్టి "ఏఐ వచ్చి మన ఉద్యోగాలు తీసింది" అనే ముందు, ఈ ఉద్యోగాలు ఎప్పుడూ చక్రాల మీదే ఉన్నాయని గుర్తు పెట్టుకోవాలి.

అయితే ఈసారి తేడా లేదా అంటే ఉంది. ఇంతకుముందు పని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయేది, ఎక్కడో ఒక మనిషికి దొరికేది. ఇప్పుడు కొంత పని ఎవరికీ దొరకడం లేదు. 2023లో బెంగళూరు స్టార్టప్ దుకాన్ అధిపతి తన సపోర్ట్ సిబ్బందిలో 90 శాతం మంది స్థానంలో చాట్‌బాట్ పెట్టానని గొప్పగా ప్రకటించుకున్నారు. 2024 ఫిబ్రవరిలో స్వీడన్ సంస్థ క్లార్నా, తమ బాట్ ఒక నెలలో 23 లక్షల సంభాషణలు నడిపిందని, అది 700 మంది చేసే పని అని చెప్పింది. 2025లో అదే సంస్థ నాణ్యత తగ్గిందని ఒప్పుకుని మళ్ళీ మనుషులను తీసుకుంటామంది. 2025 సెప్టెంబర్‌లో సేల్స్‌ఫోర్స్ అధిపతి తమ సపోర్ట్ విభాగాన్ని 9,000 నుంచి 5,000కు తగ్గించామన్నారు. వెనక్కి తగ్గినవాళ్ళను చూసి ధైర్యం తెచ్చుకోవచ్చు కానీ, దాని మీద ఇల్లు కట్టుకోలేం.

యాస సంగతి కూడా చెప్పాలి. ప్రపంచంలోనే పెద్ద కాల్ సెంటర్ సంస్థల్లో ఒకటైన టెలిపెర్‌ఫార్మెన్స్ 2025లో మన ఇండియా ఏజెంట్ల యాసను ఫోన్లో అప్పటికప్పుడు మెత్తబరిచే సాఫ్ట్‌వేర్ వాడుతున్నట్టు వార్తలొచ్చాయి. మనం 'యెగ్' అంటే అవతల 'ఎగ్' వినపడుతుంది. నా ఏడేండ్ల ఉద్యోగం ఒక బటన్ అయింది. నాకు కోపం రాలేదు, కొంచెం నవ్వొచ్చింది. ఆ పిల్లలకు అద్దం బాధ తప్పింది.

లోపల జరిగేది ఏమిటంటే, ముందు తేలిక ఫోన్లు పోతాయి. "నా బ్యాలెన్స్ ఎంత?", "నా ఆర్డర్ ఎక్కడుంది?", "పాస్‌వర్డ్ మర్చిపోయాను". ఇవి బాట్ చెప్తుంది, బాగానే చెప్తుంది. మనిషికి మిగిలేవి బాట్‌తో పది నిమిషాలు కొట్లాడి ఒళ్ళుమండి వచ్చిన కస్టమర్లు. భర్త చనిపోయాడు, ఆయన పేరు మీద ఉన్న లైన్ ఎట్లా మార్చాలని అడిగే ముసలామె. రీఫండ్ మూడుసార్లు తప్పిన మనిషి. రోజుకు 80 ఫోన్లలో 50 తేలికవైతే ఆ 50 మధ్యలో ఏజెంట్ ఊపిరి పీల్చుకునేవాడు. ఇప్పుడు మిగిలినవన్నీ కష్టమైనవే, ఒక్కో ఫోన్‌కు పట్టే టైము టార్గెట్ మాత్రం పాతదే. టార్గెట్ తప్పుతుంది. తప్పితే 'పర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్' అని ఒక కాగితం ఇస్తారు. అక్కడినుంచి మీటింగ్ రూమ్‌కు ఎక్కువ దూరం లేదు.

కొత్తవాళ్ళకు నేర్చుకోవడానికి ఆ తేలిక ఫోన్లే బడి. అవి పోతే మొదటి రోజే కష్టమైన ఫోన్ ఎత్తగల మనిషి కావాలి. అంటే అనుభవం ఉన్నవాళ్ళను కొద్దిమందిని తీసుకుంటారు, కొత్తవాళ్ళను తీసుకోరు. నేను చెప్పిన మొదటి మెట్టు విరిగేది ఇక్కడ. దీనికి ఏ మీటింగూ అక్కరలేదు, ఖాళీ అయిన సీటు నింపకపోతే చాలు.

ఇక ఆ మీటింగ్ రూమ్ గురించి. 2023లో నాకూ ఆ పిలుపు వచ్చింది. కంపెనీ పేరు చెప్పను, అవసరం కూడా లేదు, ఏ కంపెనీలోనైనా మాటలు ఇవే. హెచ్‌ఆర్ నుంచి నా కంటే చాలా చిన్నమ్మాయి, ఎదురుగా ల్యాప్‌టాప్, అందులో రాజీనామా ఈమెయిల్ ముందే టైపు చేసి ఉంది. "మ్యామ్, మీరే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా వస్తుంది, రెండు నెలల జీతం ఇస్తాం. లేదంటే టర్మినేషన్ అని రాయాల్సి వస్తుంది, రేపు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మీకే ఇబ్బంది" అంది. ఆ పిల్లను అనడానికి లేదు, ఆమెకూ ఆరోజు పద్నాలుగు మందిని పూర్తిచేయాలని లిస్టు ఉంది. నేను, "నా పోస్టు తీసేస్తున్నారా, నేనే వెళ్ళిపోతున్నానా?" అని అడిగాను. "పోస్టు రిడండెంట్ అయింది" అంది. "అయితే ఆ మాటే రాసివ్వండి, సోమవారం వరకు టైమివ్వండి" అన్నాను. రాత్రి ఇంటికి వచ్చి, మీటింగ్‌లో ఎవరు ఏమన్నారో ఈమెయిల్ రాసి పంపాను. తిట్టలేదు, బతిమాలలేదు. మూడో రోజు కాగితం మారింది. పునర్వ్యవస్థీకరణ వల్ల పోస్టు రద్దు అని రాసిచ్చారు, డబ్బు కూడా పెంచారు. మిగతా పదముగ్గురు ఆ గదిలోనే సంతకం పెట్టేశారు. ఇంటి లోను, పిల్లల ఫీజు, భయం. ఎవరినీ తప్పు పట్టను.

కానీ ఆ సంతకం ఖరీదు ఎంతో లెక్క తెలియాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ నియమం ఉంది. ఏడాదికి తక్కువ కాకుండా పనిచేసిన కార్మికుణ్ణి పని లేదని తీసేస్తే, ఒక నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వాలి. సర్వీసులో ప్రతి ఏడాదికి 15 రోజుల వేతనం పరిహారంగా ఇవ్వాలి. కొత్త కోడ్‌లో ఇంకొకటి చేరింది. మళ్ళీ పని నేర్చుకోవడానికని ఇంకో 15 రోజుల వేతనం రీస్కిల్లింగ్ నిధి నుంచి కార్మికుడి ఖాతాలో పడాలి. చట్టం లెక్కించే వేతనం నెలకు 18,000, సర్వీసు 6 ఏండ్లు అనుకుందాం. నోటీసుకు 18,000. పరిహారం 9,000 చొప్పున ఆరేండ్లకు 54,000. రీస్కిల్లింగ్‌కు 9,000. మొత్తం 81,000. రాజీనామా అని సంతకం పెడితే ఈ 81,000లో చట్టప్రకారం ఒక్క రూపాయి రాదు, కంపెనీ దయతలచి ఇచ్చిందే. ఐదేండ్లు నిండాయి కాబట్టి గ్రాట్యుటీ 62 వేల చిల్లర ఎట్లాగైనా వస్తుంది. అది వేరే హక్కు, దాన్ని చూపించి "ఇదిగో ప్యాకేజీ" అంటే నమ్మకండి. పీఎఫ్ కూడా అంతే, అది మన డబ్బే.

"మాది ఐటీ, మాకు కార్మిక చట్టాలు వర్తించవు" అని పిల్లలు గట్టిగా నమ్ముతారు. పని గంటలు, రాత్రి షిఫ్టు లాంటి విషయాల్లో దుకాణాలు, సంస్థల చట్టం నుంచి ప్రభుత్వాలు ఈ రంగానికి మినహాయింపులు ఇచ్చిన మాట నిజం. తొలగింపుకు ముందే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నియమం ఫ్యాక్టరీలకు, గనులకు, తోటలకే, కాల్ సెంటర్లకు లేదు, అదీ నిజం. కానీ నోటీసు, పరిహారం అట్లా కాదు. ఫోన్ ఎత్తే ఏజెంట్ చేసేది గుమాస్తా పనో సాంకేతిక పనో అవుతుంది, మేనేజర్ పని కాదు. టీమ్ లీడర్ దగ్గర కొంచెం చిక్కుంది. 18,000 మించిన జీతంతో సూపర్‌వైజర్ పని చేసేవాళ్ళు కార్మికుల కిందికి రారు. అయితే ఐడీ కార్డు మీది హోదాను బట్టి కాదు, రోజంతా నిజంగా చేసిన పనిని బట్టి చూడాలి. పేరుకు టీమ్ లీడర్, చేసేది ఫోన్లు ఎత్తడం, ఇట్లాంటి పిల్లలు వందలమంది నాకు తెలుసు. నేను మేనేజర్‌ని, నాకు ఆ చట్టం వర్తించదు. అయినా అడిగితే కాగితం మారింది.

ఇంకో రెండు నియమాలు ఉన్నాయి. ఒకే రకం పనిలో మామూలుగా చివర వచ్చినవాళ్ళను ముందు తీయాలి, అట్లా చేయకపోతే కారణం రాయాలి. తీసేసిన ఏడాదిలోపు మళ్ళీ మనుషులను తీసుకుంటే పాతవాళ్ళకు ముందు అవకాశం ఇవ్వాలి. ఈ రెండూ రాజీనామా చేసినవాళ్ళకు వర్తించవు. అసలు ఆ ఈమెయిల్ ముందే టైపు చేసి పెట్టేది ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా.

డబ్బు ఒక సంగతి, లెక్క ఇంకో సంగతి. రాజీనామా అని రాసిన ప్రతి ఉద్యోగం కంపెనీ పుస్తకాల్లో 'అట్రిషన్' కిందికి పోతుంది. అంటే పిల్లలు తమంతట తామే వెళ్ళిపోయారు అని. కాల్ సెంటర్లలో అట్రిషన్ ఎప్పుడూ ఎక్కువే కాబట్టి ఎవరూ కనుబొమ్మ ఎత్తరు. ఫ్యాక్టరీ మూస్తే గేటు ముందు జనం కనిపిస్తారు, పేపర్లో ఫొటో వస్తుంది. 80 సీట్లు పోతే క్యాబులు రెండు తగ్గుతాయి, అంతే.

ఆస్ట్రేలియా సంగతి ఒకటి చెప్తాను. 2025 జూలైలో అక్కడి కామన్‌వెల్త్ బ్యాంకు వాయిస్ బాట్ వచ్చింది కాబట్టి కస్టమర్ సర్వీసులో 45 పోస్టులు అక్కరలేదని ప్రకటించింది. బాట్ వల్ల వారానికి 2,000 ఫోన్లు తగ్గాయని చెప్పింది. ఉద్యోగుల యూనియన్ ఒప్పుకోలేదు. ఫోన్లు తగ్గలేదు, పెరిగాయి, ఓవర్‌టైమ్ చేయిస్తున్నారు, టీమ్ లీడర్లతో కూడా ఫోన్లు ఎత్తిస్తున్నారు అని అక్కడి కార్మిక కమిషన్ ముందుకు పోయింది. ఆగస్టులో బ్యాంకు తన నిర్ణయాన్ని వెనక్కి తీసుకుని ఆ ఉద్యోగులకు క్షమాపణ చెప్పింది. 45 పోస్టులే, పెద్ద సంఖ్య కాదు. నాకు ముఖ్యమనిపించింది వేరే. 'ఈ పోస్టులు తీసేస్తున్నాం, కారణం ఇది' అని బ్యాంకు కాగితం మీద రాసింది కాబట్టి, ఆ కారణం నిజమా కాదా అని ఎవరో ఒకరు అడగగలిగారు. ఆ 45 మందితో గదిలో రాజీనామాలు రాయించుకుని ఉంటే అడగడానికి అక్కడ ఏమీ మిగిలేది కాదు.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

ఇంట్లో ఇట్లాంటిది జరిగితే మొదటి రోజు "నువ్వేం తప్పు చేసినవ్?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకు భయపడే పిల్లలు ఉద్యోగం పోయినా రెండు నెలలు పొద్దున్నో రాత్రో బ్యాగు తగిలించుకుని బయటికి పోతున్నారు. నాకు తెలిసినవాళ్ళే ఉన్నారు. ఆ రెండు నెలల్లోనే లోన్ యాప్‌లు వచ్చి పడతాయి.

కాగితం పెట్టిన రోజు సంతకం చేయొద్దనండి. "ఇంట్లో మాట్లాడి చెప్తాను" అంటే చట్టం తప్పినట్టు కాదు. మీటింగ్ సంగతులు అదే రోజు సొంత ఈమెయిల్ నుంచి హెచ్‌ఆర్‌కు రాయాలి. ఆఫీసు ఈమెయిల్ మర్నాటికి తెరుచుకోదు. జీతం స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్, అప్రైజల్ లెటర్లు ముందే సొంత ఫోన్లో దాచుకోవాలి. కస్టమర్ల డేటా మాత్రం ఒక్క లైను కూడా తెచ్చుకోకూడదు, అది వేరే కేసవుతుంది. ఉద్యోగం ఏ విధంగా ముగిసినా, రాజీనామా అయినా సరే, కొత్త వేతన కోడ్ ప్రకారం రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. "45 రోజుల తర్వాత ఫుల్ అండ్ ఫైనల్" అన్న పాత మాట వేతనం విషయంలో ఇక చెల్లదు. బలవంతంగా సంతకం పెట్టించుకుంటే కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఎంత తొందరగా వెళితే అంత మంచిది.

జీతం 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ కట్ అవుతున్న పిల్లలకు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అనే పథకం ఉంది. ఉద్యోగం పోతే సగటు రోజు సంపాదనలో సగం చొప్పున 90 రోజుల వరకు, జీవితంలో ఒకసారి ఇస్తారు. దీని పేరు విన్నవాళ్ళు ఈ హాల్లో ఎంతమంది, చేతులెత్తండి అంటే ఎన్ని లేస్తాయో నాకు తెలుసు. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నవాళ్ళకు ఇది రాదు. ఉద్యోగం ఎట్లా ముగిసిందన్న కాగితం ఇక్కడా అడ్డం వస్తుంది.

తర్వాత ఏం చేయాలంటే, అమీర్‌పేటలో 60 వేలు కట్టి మూడు నెలల ఏఐ కోర్సు చేస్తే అన్నీ సర్దుకుంటాయని నేను చెప్పను. ఆరేండ్లు కోపంగా ఉన్న మనుషులతో మర్యాదగా మాట్లాడి సమస్య తేల్చిన పిల్లవాడికి ఒక పని వచ్చు. ఆస్పత్రుల ఇన్సూరెన్స్ కౌంటర్లు, బ్యాంకుల ఫిర్యాదుల విభాగాలు, తెలుగులో, హిందీలో నడిచే మన దేశపు కస్టమర్ సర్వీసు, ఇట్లాంటి చోట్ల ఆ పని ఇంకా కావాలి. జీతం మొదట తగ్గొచ్చు. తగ్గుతుందని ముందే చెప్పడం మంచిది.

ఒక్క హెచ్చరిక. "థాయ్‌లాండ్‌లో కస్టమర్ సపోర్ట్, నెలకు లక్ష, టికెట్ మాదే" అని టెలిగ్రామ్‌లో వచ్చే ఉద్యోగాలు నమ్మొద్దు. అట్లా పోయిన మన రెండు రాష్ట్రాల పిల్లలు కంబోడియాలో, మయన్మార్‌లో సైబర్ మోసాల ముఠాల చేతుల్లో చిక్కారు. 2024లో విశాఖపట్నం పోలీసులు కంబోడియా కేసు బయటపెట్టారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు నుంచి 500 మందికి పైగా భారతీయులను వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు, అందులోనూ మనవాళ్ళున్నారు. ఉద్యోగం పోయిన కాల్ సెంటర్ పిల్లలే వాళ్ళకు కావాల్సినవాళ్ళు. ఇంగ్లీషు వచ్చు, ఫోన్లో నమ్మకంగా మాట్లాడడం వచ్చు, అవసరంలో ఉన్నారు. విదేశానికి పంపే ఏజెంటు ఎవరైనా కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో రిజిస్టర్ అయ్యాడో లేదో చూడకుండా పాస్‌పోర్టు ఇవ్వకండి.

మన సంఘం గదిలో పుస్తకాలు, పాత ఫొటోలు, రెండు కుర్చీలు ఉన్నాయి. నెలకు ఒక ఆదివారం నేను అక్కడ కూర్చుంటానని కార్యదర్శి గారితో చెప్పాను. 1988 బ్యాచ్ నుంచి కార్మిక కోర్టుల్లో కేసులు వాదించే లాయర్ అన్నయ్య ఒకాయన వస్తానన్నారు. ఈరోజే కాగితం వెంట తెచ్చుకున్నవాళ్ళు ఉంటే భోజనాల తర్వాత పాత సైన్స్ గదిలో ఉంటాను, నాలుగింటి వరకు. అపాయింట్‌మెంట్ లెటర్, చివరి మూడు నెలల జీతం స్లిప్పులు ఫోన్లో ఉంటే చాలు.